ఖాళీ నోటితో లేపకూడదు

ముప్పై ఒక్క ఏళ్లకే రిటైర్ అయ్యానంటే మీరు నవ్వుతారు. నవ్వుకోండి. జీతం ఏమీ ఆగలేదు. హైదరాబాద్‌లో ఎనిమిదో అంతస్తులో కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగుల్లో తల ఊపుతుంటాను. కానీ నేను పని అని పిలిచేది అది కాదు. నా పని ఆదోనిలో ఉండిపోయింది. ఆరు పత్తి సీజన్లు అక్కడ చేశాను. ఒక మధ్యాహ్నం ఆదోని బస్టాండులో నిలబడి, ఫోన్లో రెండు నిమిషాల్లో రాజీనామా కొట్టి బస్సెక్కేశాను. ఆ తర్వాత ఆ పని నా చేతికి మళ్లీ రాలేదు. అందుకే రిటైర్ అయ్యానంటున్నాను.

మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు మెసేజ్ పెట్టారు. "అక్కా, మమ్మల్ని సస్పెండ్, రిజ్యూమ్ పనిలో వేశారు. ఏం చదవాలి?" చదవాల్సింది నెట్‌లో కుప్పలుగా ఉంది. అక్కడ దొరకనిది ఇక్కడ రాస్తున్నాను.

పని ఏంటంటే

యంత్రాన్ని పడుకోబెట్టడం, లేపడం. అంతే.

మా కంపెనీలో అందరం కలిపి తొమ్మిది మందిమి. ఆదోనిలో ఒక కొట్టు మీద మేడ గది మా ఆఫీసు. మేం చేసేది పత్తిలో తేమ చూసే పెట్టె. టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది. పైన మూతతో ఒక గిన్నె, ముందు ఒక బటన్, ఒక పచ్చ లైటు, అంకె చూపించే చిన్న తెర. గిన్నెలో పత్తి నింపి మూత వేస్తే తేమ ఎంతుందో అంకె వస్తుంది. అంకె పది లోపుంటే ఎండిన పత్తి, మిల్లు తీసుకుంటుంది. ఎక్కువైతే ఆరబెట్టుకుని రమ్మంటుంది. ఆదోనిలోని మిల్లుల్లో, ఎమ్మిగనూరులో మా పెట్టెలు ఉండేవి.

లోపల ఉన్నది మీ ల్యాప్‌టాప్‌లో ఉండేలాంటిదే, చిన్న కంప్యూటర్. మిల్లు గేటు దగ్గర రేకుల షెడ్డులో ప్లగ్గు ఉండదు కాబట్టి బ్యాటరీ మీదే రోజంతా నడవాలి. ఒక కుప్ప చూశాక ఇంకో బండి వచ్చేదాకా పెట్టె పడుకోవాలి. బటన్ నొక్కగానే లేవాలి. సెన్సర్, తెర, వాటిని కలిపే తీగలు, ఒక్కొక్కటీ ఏ వరసలో పడుకోవాలి, ఏ వరసలో లేవాలి, పడుకునే ముందు ఏది దాచుకోవాలి అన్నది రాయడమే నా పని. సరిగ్గా రాస్తే ఎవరికీ తెలియదు. బటన్ నొక్కితే లేచిందంటారు, అంతే. మెచ్చుకునేవాళ్లు కావాలంటే ఈ పనిలోకి రావద్దు.

ఖాదర్ సార్

మా బాస్ ఖాదర్ సార్‌ది ఆదోనే. బెంగుళూరులో ఇరవై ఏళ్లు ఈ పనే చేసి సొంతూరికి తిరిగొచ్చి కంపెనీ పెట్టాడు. సీజన్లో కిటికీలోంచి దూది పింజెలు ఎగిరొచ్చి టీలో పడేవి. సార్ వేలితో పింజె తీసి కిటికీ చువ్వకి అంటించి టీ తాగేవాడు. సాయంత్రానికి ఆ చువ్వ చూస్తే ఎన్ని టీలు తాగాడో తెలిసిపోయేది.

చేరిన ఏడాది ఎమ్మిగనూరు పెట్టె పది సార్లలో ఒకసారి లేచేటప్పుడు బిగుసుకుపోయేది. నేను బస్సులో వెళ్లి, ఎండకి తిట్టుకుంటూ, లేచేచోట రెండొందల మిల్లీసెకన్లు ఆగమని ఒక లైను రాసి వచ్చేశాను. పెట్టె బాగైంది. గొప్పగా చెప్పుకున్నాను.

"ఎందుకు బిగుసుకున్నాది?" అని అడిగాడు సార్.

"తెలీదు సార్. కాసేపు ఆగమని పెట్టా. ఇప్పుడు పనిచేస్తోంది."

"తెలీకుండా పనిచేసేది తెలీకుండానే నిలబడిపోతాది గూడా."

నాలుగో రోజు మళ్లీ నిలబడిపోయింది. అసలు సంగతేంటంటే, సెన్సర్ మాట్లాడేది ఒక తీగ ద్వారా. ఆ తీగని నడిపే భాగం ఇంకా లేవకముందే నా కోడ్ సెన్సర్‌ని లేపి ప్రశ్న అడుగుతోంది. సార్ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"పిల్లోల్లు పడుకోకుండా తల్లి పడుకుంటాదామ్మా? పడుకోబెట్టేటప్పుడు పిల్లోల్లు ముందు, తల్లి ఆఖర్న. లేసేటప్పుడు తల్లి ముందు. పొయ్యి ఎలిగినాకనే పిల్లోల్లని లేపాల."

"మరి ఆగడం అస్సలు వద్దా సార్?"

"ఎందుకొద్దు? నిద్రలేసినోన్ని ఎంటనే లెక్క అడగొద్దు. కరెంటు వచ్చినాక సెన్సర్ కుదురుకునేదానికి టైము కావాల. కారణం తెలిసి ఆగితే సబర్, ఓర్పు. తెలీకుండా ఆగితే సోమరితనం."

మూడో మాట కూడా చెప్పాడు. పడుకునే ముందు చేతిలో ఏముంటే అది దాచిపెట్టు, లేచాక అదే తిరిగి చేతిలో పెట్టు. మొదటి రెండూ నేర్చుకున్నాను. మూడోదాన్ని తేలిగ్గా తీసుకున్నాను. ఇక్కడ రాసేదంతా ఆ మూడోదాని గురించే.

నలభై లైన్లు

మా పెట్టెకి సున్నా తెలియాలి. పొద్దున ఖాళీ గిన్నెతో ఒకసారి చూసుకుని దాన్నే సున్నా అనుకుంటుంది. ఆ తర్వాత గిన్నెలో ఏముంటే దాంట్లోంచి ఆ సున్నాని తీసేసి అంకె చూపిస్తుంది. ఖాదర్ సార్ పాత కోడ్‌లో పెట్టె పడుకునే ప్రతిసారీ ఆ సున్నాని దాచి, లేచాక తిరిగి పెట్టే లైన్లు నలభై ఉండేవి. పాత పద్ధతిలో, చూడ్డానికి మురికిగా ఉండేవి. ఆరో సీజన్ మొదట్లో నేను వాటిని పీకేశాను. లేవగానే గిన్నెని కొత్తగా చూసుకుని సున్నా పట్టుకోమని మూడు లైన్లు రాశాను.

"నిద్రకు ముందున్న సున్నా యాడ దాచినావు?" అన్నాడు సార్.

"దాచక్కర్లేదు సార్. లేవగానే కొత్తగా చూసుకుంటుంది. ఎండకి సున్నా జరిగినా సరిపోతుంది. మీ పద్ధతి కంటే ఇదే నయం."

ఆయన నా మొహం చూసి, సరేలే అన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

సుంకమ్మ

ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర మా పెట్టె ముందు కూర్చునేది సుంకమ్మ. పెద్దకడుబూరు మనిషి. నలభై అయిదు దాటాయి. పాతికేళ్లు కూలికి పత్తి తీసిన చేతులు. పెట్టె అంకె చెప్పక ముందే పిడికెడు పత్తి పిసికి, తేమ ఎంతో తనే చెప్పేది. ఎప్పుడో తప్ప తప్పేది కాదు. నడుం వంచి చేలో పని చేయలేని ఏడాది ఆ కుర్చీ దొరికింది. ఇంట్లో తొలిసారి కుర్చీలో కూర్చుని పని చేసింది తనేనని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

నన్ను చూస్తే ఎగతాళి. "పాపా, ఆ ఫోను నీ చేతికి మొలిసిందా, ల్యాక కుట్టించుకున్నావా?"

"నా పనంతా ఇందులోనే ఉందక్కా."

"పని సేతిలో ఉండాల గానీ సేతికి అతుక్కుంటే ఎట్ల? అన్నమెట్ల తింటావు?"

ఆ సీజన్ మూడో వారం మిల్లు మేనేజర్ వీరేశప్ప ఫోన్ చేసి పిలిచాడు. గోడౌన్లో పత్తి కుప్పలో చెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. లోపల వెచ్చగా ఉంది. తడి పత్తి కుప్పలో ఉంటే వేడెక్కి పచ్చబడిపోతుంది.

"మీ పెట్టె ఈ కుప్పను తొమ్మిది అనింది మేడమ్. తొమ్మిదైతే ఇట్ల కాలతాదా? పెట్టె అబద్ధం సెప్తాందో, మనిషి సెప్తాందో మీరే తేల్సండి. కుప్పలో సగం పెద్దకడుబూరు బండ్లే. ఆయమ్మ ఊరోల్లవే."

నాకు మండిపోయింది. నా పెట్టెని అబద్ధాలకోరు అంటాడా. ఫోన్‌ని పెట్టెకి కలిపి రికార్డులన్నీ చూశాను. పెట్టెని ఇరవై సార్లు పడుకోబెట్టి, ఇరవై సార్లు లేపాను. లేపిన ప్రతిసారీ గిన్నెలో అదే కుప్పలోని పత్తి నింపి చూశాను. ప్రతిసారీ పన్నెండు. సరైన అంకె అదే. చుట్టూ హమాలీలు, కాటా దగ్గరి వాళ్లు, బండ్లతో వచ్చిన రైతులు నిలబడి చూస్తున్నారు.

"పెట్టెలో ఏ తప్పూ లేదు," అన్నాను గట్టిగా. "కూర్చున్న మనిషిని చూసుకోండి."

"నేనేం సేసినా పాపా? తడుందని నా సెయ్యి సెప్పినా పెట్టె అంకెనే రాయమన్నారు గదా," అంది సుంకమ్మ.

నేను ఫోన్లో ఖాదర్ సార్‌కి రిపోర్టు పంపుతున్నాను. తలెత్తలేదు.

మర్నాడు సుంకమ్మని కుర్చీలోంచి లేపేశారు. వీరేశప్ప చెల్లెలి కొడుకు వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి అంకెలన్నీ సరిగ్గా వచ్చాయి.

ఎవరి చేతుల్తో

"చూశారా సార్, మనిషి మారగానే అంకె బాగైంది," అన్నాను ఆఫీసులో.

ఖాదర్ సార్ పింజె తీసి చువ్వకి అంటించాడు. "ఆమె చేతుల్తో చేయించి సూసినావా?"

"నేనే చేశా కదా సార్, ఇరవై సార్లు."

"నీ చేతుల్తో ఇరవై సార్లు చేసినావు. అంకె తప్పొచ్చింది ఎవరి చేతిలో? ఆమె చేతిలో. ఆ చేతుల్తో ఒక్కసారి గూడా చూడల్యా నువ్వు. పెట్టె తీస్కొని పెద్దకడుబూరుకు పో."

తిట్టుకుంటూనే వెళ్లాను. సుంకమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని బుడ్డలు వలుస్తోంది. వేరుశెనగ కాయల్ని అక్కడ అలాగే అంటారు. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

"దొంగను సేసి పోయినావు. మల్ల పెట్టె యాల తెచ్చినావు?"

"ఒక్కసారి నువ్వు రోజూ చేసినట్టే చేసి చూపించక్కా."

"యా సేతుల్తో? దొంగ సేతుల్తోనా?"

పెట్టెని అరుగు మీద ఆమె ముందు పెట్టాను. ఆమె చెంగుకి చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్లి, దీపం వత్తుల కోసం దాచుకున్న పత్తి తెచ్చింది. నీళ్లు చిలకరించి తడి చేయమన్నాను. చేసింది. పెట్టె నిద్రలో ఉంది. ఆ పత్తిలోంచి ఒక చిటికెడు తుంచి గిన్నెలో వేసింది. మూత వేసింది. అప్పుడు బటన్ నొక్కింది. బీప్ అని పచ్చ లైటు వెలిగింది. మూత తీసి గిన్నె నిండా పత్తి నింపి మళ్లీ మూసింది. అంకె వచ్చింది. తొమ్మిది. అదే పత్తిని నేను నా పద్ధతిలో, ఖాళీ గిన్నెతో లేపి చూస్తే పన్నెండు.

"ముందు ఆ చిటికెడు ఎందుకేశావక్కా?"

ఆమె నన్ను ఏమీ తెలియనిదాన్ని చూసినట్టు చూసింది. "ఖాళీ నోటితో ఎవురన్నా లేపుతారా పాపా? ఎద్దును లేపాలంటే గాడిలో మేతేసినాకనే లేపుతాం. అది కండ్లు తెరిసేతలికి ముందర మేత ఉండాల. ల్యాకుంటే దినమంతా మాట ఇనదు. ఈ పెట్టె గూడా మాకు కూడు పెట్టేదే గదా."

"ఎప్పట్నుంచి ఇట్లా చేస్తున్నావు?"

"మొదట్నుంచీ. నీ ముందరే సేసినా ఎన్నిసార్లో. నువ్వు ఫోను సూస్తాంటివి."

పాత కోడ్‌లో ఆ చిటికెడు వల్ల ఏమీ అయ్యేది కాదు. పొద్దుటి సున్నా దాచి ఉండేది కాబట్టి, లేచినప్పుడు గిన్నెలో ఏమున్నా పట్టించుకునేది కాదు. నా మూడు లైన్లు వచ్చాక పెట్టె లేవగానే ఆ చిటికెడునే ఖాళీ గిన్నె అనుకుంది. దాన్ని అంకెలోంచి తీసేసింది. తడి పత్తి ఎండినట్టు కనబడింది. వీరేశప్ప మేనల్లుడికి ఈ ఆచారం లేదు. అందుకే వాడి చేతిలో అంకె సరిగ్గా వచ్చింది.

"తప్పు నాదక్కా," అన్నాను.

"ఈడ సెప్తే ఎవురికి ఇనపడతాది? నా పేరు పది మంది ముందర పోయింది. ఆ పది మంది ముందరే రావాల." బుడ్డల చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "పదిదినాల్లో మిరపకాయలు కోసేదానికి గుంటూరు పక్కకు పోతాండాం. నడుం నొప్పి అంటే ఇంట్లో ఇంటారా? కుర్చీ ఉంటే పోయే పనే ల్యా."

నా నోరు

నలభై లైన్లూ తిరిగి పెట్టాను. ఎమ్మిగనూరు పెట్టెలో రెండు రోజులు చూశాం. గిన్నెలో చిటికెడు వేసి లేపాం, నింపి లేపాం, ఖాళీగా లేపాం. మూడు రకాలుగానూ అంకె ఒక్కటే. మూడో రోజు మిల్లు గేటు దగ్గరికి వెళ్లి, హమాలీలు, కాటా వాళ్లు అందరూ ఉన్నప్పుడు చెప్పాను. తప్పు పెట్టెది, పెట్టెలో తప్పు నాది, సుంకమ్మ ఏమీ చేయలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"సంతోషం మేడమ్," అన్నాడు వీరేశప్ప. "పెట్టె బాగైంది. పిల్లోడు గూడా బాగానే కూసున్నాడు. మల్ల మార్చేదెందుకు?"

"మీ చెల్లెలి కొడుకు కాకపోతే ఈ మాట అనేవారా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. మనిషి కనబడదా, ఊరి పేరు చూసి దొంగని చేస్తారా అన్నాను. దొంగని చేసింది ముందు నేనే అన్న సంగతి ఆ నిమిషంలో మరిచిపోయాను. ఆయన హమాలీల వైపు చూశాడు. వాళ్లు తలలు దించుకున్నారు.

"ఇంగ ఆయమ్మ ఈ గేటు దాటదు," అని లోపలికి వెళ్లిపోయాడు.

పది మంది ముందు వచ్చిన పేరుని, అయిదు నిమిషాల్లో ఆ పది మంది ముందే నేనే మళ్లీ పోగొట్టాను. పేరు మిగిలినా కుర్చీ పోయింది.

ఖాదర్ సార్‌కి అప్పటికే ఫోన్ వెళ్లింది. "పోయి మాఫీ అడుగు," అన్నాడు.

"తప్పు ఆయనది సార్."

"ఆయప్పదే. కానీ సుంకమ్మ కుర్చీ గూడా ఆయప్ప చేతిలోనే ఉండాది. నీ కోపం గొప్పదా, ఆమె కుర్చీ గొప్పదా?"

"నా వల్ల కాదు. అసలు ఆ నలభై లైన్లు నేను పీకుతుంటే మీరు చూసి సరే అన్నారు. ఎందుకు ఊరుకున్నారు?"

ఆయన టీ గ్లాసులోకి చూశాడు. ఆ రోజు దాంట్లో పింజె లేదు. "ఊరుకున్నా. అది నా తప్పే," అన్నాడు.

వాదించి ఉంటే నిలబడేదాన్నేమో. ఒప్పుకునేసరికి తట్టుకోలేకపోయాను. మెట్లు దిగి బస్టాండుకి వెళ్లి, నిలబడే రాజీనామా పంపాను. కోపం ఉన్నవాళ్ల చేతిలో ఫోన్ ఉండటం ఎంత ప్రమాదమో నాకు చెప్పకండి. బస్సు ఊరు దాటకముందే ఆయన జవాబు వచ్చింది. "అన్నం టైముకు తిను." అంతే. సుంకమ్మ వాళ్లు ఆ వారమే గుంటూరు వైపు వెళ్లిపోయారని తర్వాత తెలిసింది.

సబర్

కొత్తగా వస్తున్నవాళ్లకి ఒకటి చెప్తాను. మీ కోడ్ మీ బల్ల మీద వెయ్యిసార్లు లేచినా దానికి అర్థం లేదు. అవతలి మనిషి ఎలా లేపుతుందో వెళ్లి చూడండి. ఆమె చేసేది మూఢనమ్మకమో కాదో తేల్చడం మీ పని కాదు. ఆమె అలా లేపితే కూడా సరిగ్గా లేవాలి, అది మీ పని. పాత కోడ్ మురికిగా ఉంటే పీకేముందు అది ఏం దాస్తోందో అడగండి. బహుశా ఖాదర్ సార్‌కి సుంకమ్మ చిటికెడు సంగతి కూడా తెలియదు. కానీ దాచిపెట్టాలని తెలుసు. అది చాలింది.

తరువాతి సీజన్ మొదలైనప్పుడు ఖాదర్ సార్ ఫోన్ చేశాడు. ఏడాదిలో అదే మొదటిసారి. ఎండాకాలం అంతా శుక్రవారం నమాజు అయ్యాక మిల్లుకెళ్లి వీరేశప్పతో టీ తాగేవాడట. సుంకమ్మ పేరు ఎత్తలేదట. వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవారట. ఒక శుక్రవారం వీరేశప్పే అడిగాడట, సార్, ఆయమ్మ ఇప్పుడు యాడుండాది, అని.

"నిద్రలేసినోన్ని ఎంటనే లెక్క అడగొద్దని సెప్పినా గదమ్మా," అన్నాడు ఖాదర్ సార్. నవ్వలేదు.

"సుంకమ్మ మళ్లీ కుర్చీలో కూర్చుందా సార్?"

"కూసున్నాది. పంపుతా ఆగు."

వాట్సాప్‌లో వీడియో వచ్చింది. పదకొండు సెకన్లు. మనిషి కనబడదు. రేకుల షెడ్డు, పెట్టె, రెండు చేతులు. మిరప కోతలకి పగిలిన వేళ్ల మీద నల్ల చారలు ఇంకా పోలేదు. ఒక చెయ్యి చిటికెడు పత్తి గిన్నెలో వేసి మూత పెడుతుంది. ఆరో సెకనులో బటన్ నొక్కుతుంది. బీప్, పచ్చ లైటు. తర్వాత గొంతు వినబడుతుంది. "పాప సూస్తాదా ఇది? అట్లయితే సెప్పు సార్, ఖాళీ నోటితో లేపల్యాదని."

"సార్, మళ్లీ రానా?" అని ఎన్నిసార్లు టైప్ చేశానో లెక్క లేదు. చెరిపేస్తాను. రెండు నిమిషాల్లో పంపిన రాజీనామాకి జవాబు ఇంకో రెండు నిమిషాల్లో పంపేది కాదని ఇప్పుడు తెలుసు. ముందు ఆ గేటు దగ్గరికి వెళ్లాలి, హమాలీలు ఉన్నప్పుడు వీరేశప్పని మాఫీ అడగాలి. ఆ తర్వాతే ఆఫీసు మేడ మెట్లు ఎక్కాలి. అది మెసేజ్‌లో అయ్యే పని కాదు.

ఈలోపు ఎనిమిదో అంతస్తులో మీటింగు నడుస్తుంటే బల్ల కింద ఫోన్ పెట్టుకుని ఆ వీడియో చూస్తుంటాను. పక్కవాళ్లకి వినబడకూడదని సౌండ్ తీసేస్తాను. అయినా ఆరో సెకనుకి నాకు బీప్ వినబడుతుంది.